జడుపు గిన్నె

మన్సూరాలో పిల్లల ఆసుపత్రి మెట్లు దిగుతూ దిగుతూ నగ్లా ఆఖరి మెట్టు మీద కూలబడింది. పోయిన వారం కథ ఆపినప్పుడు అక్కడే కదా ఆమెని వదిలిపెట్టాం. పాపం, వారం రోజులుగా అక్కడే కూర్చుని ఉంది. ముందు లేవదీద్దాం.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. నగ్లా దుమ్యాత్‌లో కుర్చీలకి పువ్వులూ లతలూ చెక్కే సాబిర్ పెళ్ళాం. పుట్టిల్లు ఎజ్బెత్ అల్‌బుర్గ్, నది వెళ్ళి సముద్రంలో కలిసేచోట పడవలు కట్టే ఊరు. ఒక్కతే కూతురు, రుఖయ్యా. ఐదు నిండాయి. పిల్ల కాదు పిడుగు అంటారు చూడండి, పిడుగైనా నయం, ఒక్కసారి పడి ఊరుకుంటుంది. బాలబడిలో పక్కపిల్ల చెవి కొరికింది. పంతులమ్మ ఇక్బాల్ కోప్పడితే ఆవిడ కళ్ళజోడు లాగి కాలికింద వేసి నలిపింది. తిడితే తల వంచదు, కొడితే ఏడవదు, బుజ్జగిస్తే వినదు. "ఈ పిల్లది గుండె కాదమ్మా, రాయి. రేపట్నుంచి తీసుకురాకు" అని ఇక్బాల్ పంతులమ్మ చెప్పేసింది. వీధివాళ్ళంతా ఆ మాటే అన్నారు. అనగా అనగా చివరికి కన్నతల్లికి కూడా, రొట్టె కాలుస్తూ ఏదో ఆలోచిస్తున్నప్పుడు, నిజమేనేమో అనిపించసాగింది.

అప్పుడు దొరికింది డాక్టరమ్మ మగ్దా. పిల్ల ఛాతీకి గుండె వేగం కొలిచే పట్టీ ఒకటి కట్టి ఆటలాడించింది. ఆడుతూ ఆడుతూ తనే ఉన్నట్టుండి బుడగ పగలగొట్టింది. పిల్ల ఓపిగ్గా పేర్చిన చెక్కల మేడని మోచేత్తో తోసేసింది. పొద్దున్న నిద్ర లేవగానే పిల్ల నోట్లో దూది పెట్టి, ఉమ్మి తడితో సహా సీసాలో వేసి పంపమంది. ఇవాళ, పిల్లని ఇంట్లో వదిలేసి తల్లినొక్కదాన్నే రమ్మంది.

"బుడగ పగిలితే ఏ పిల్ల గుండైనా ఎగిరిపడుతుంది నగ్లా" అంది మగ్దా. "కాసేపటికి దానంతటదే దిగుతుంది. ఎగరడం, దిగడం, అది ఒంటికి తెలిసిన విద్య. మీ పాప గుండె ఎగరలేదు. ఉమ్మి పరీక్షలో చూస్తే, పొద్దున్న లేవగానే ఒంట్లో పొంగాల్సిన చురుకు కూడా పొంగలేదు. మీ తలుపుకి పిట్టలా కూసే బెల్లుందా?"

"ఉంది డాక్టర్. అందరికీ ఉందిగా."

"దాన్ని రోజంతా ఎవరో ఒకరు నొక్కుతూనే ఉన్నారనుకో. కొన్నాళ్ళు కూస్తుంది, తర్వాత మూగబోతుంది. అప్పుడిక దొంగొచ్చినా ఒకటే, చుట్టమొచ్చినా ఒకటే. మనం తప్పు చెయ్యబోతుంటే లోపల ఒకటి ఆగు అంటుంది చూడు, ఈ పిల్లకి అది వినపడటం లేదు. అల్లరి పిల్లలందరికీ ఇదే కారణమని నేననను. కొందరి ఒళ్ళు పుట్టుకతోనే అంత. కానీ రెండేళ్ళప్పుడు టపాకాయ పేలితే నీ మెడ కరుచుకుని వణికేదని నువ్వే చెప్పావు."

"మందు లేదా?"

"ఆలస్యంగా పనిచేసే మందు ఒకటుంది. భయం ఆగాలి, పూర్తిగా ఆగాలి. రోజూ ఒకే ఒడి, ఒకే గొంతు, వేళకి అన్నం. వారం వారం నా దగ్గరికి తీసుకురా, ఆడిస్తాను, ఎలా ఆడించాలో నీకూ నేర్పుతాను. బెల్లు మళ్ళీ కూయచ్చు. కూస్తుందని ఒట్టు మాత్రం వెయ్యలేను." డాక్టరమ్మ ఆగి, నగ్లా మొహంలోకి చూసింది. "చెప్పు, ఆ పిల్లని రోజూ భయపెడుతున్నది ఎవరు?"

"ఎవరూ లేరు డాక్టర్. నేను ఫ్యాక్టరీకి వెళ్తే మా అత్త చూసుకుంటుంది. ప్రాణం పెడుతుంది దానికి."

నగ్లా అబద్ధం ఆడలేదు. తెలిసింది చెప్పింది. కానీ మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టుకీ ఆ ప్రశ్న బరువెక్కింది, చివరికి కూలబడింది. ఎవరు? బడి మాన్పించేశారు. వీధిలో పిల్లలెవరూ దానితో ఆడరు. ఇక మిగిలింది ఎవరు?

లేచింది. లేవక ఏం చేస్తుంది, ఆసుపత్రి మెట్ల మీద కాపురం పెడుతుందా?

*

దుమ్యాత్ బస్సు దిగేసరికి మధ్యాహ్నం నమాజు అయిపోయి సాయంత్రపు అస్ర్ నమాజుకి ఇంకా పిలుపు రాలేదు. వీధి పొడవునా రంపపు పొట్టు, వార్నిషు వాసన, ఎండకి ఆరబెట్టిన కుర్చీల అస్థిపంజరాలు. నగ్లా జిలేబీలా ఉండే మిషబ్బక్ పొట్లం కట్టించుకుంది. పిల్లకి ఇష్టం. అత్తకి పిల్లకన్నా ఇష్టం.

వాళ్ళది కింద పని కొట్టు, పైన కాపురం. కొట్టులో సాబిర్ నడుం వంచి ఏదో కుర్చీ వీపు చెక్కుతున్నాడు, చూడలేదు. నగ్లా పలకరించకుండానే మెట్లెక్కింది. పైన వాకిలి తీసే ఉంది.

అత్తగారు ఇన్సాఫ్, వీధంతా గౌరవంగా హగ్గా అని పిలిచే మనిషి, బల్ల దగ్గర నిలబడి ఉంది. ఆవిడ గురించి తెలియనివాళ్ళు ఆ వీధిలో లేరు. ఎవరింట్లో పురుడొచ్చినా ఈవిడే ముందు, ఎవరింట్లో చావొచ్చినా వండిన కుండ ఈవిడదే ముందు. ఆవిడ బాతు లోపల ఉల్లిపాయలు కూరి వండితే నాలుగిళ్ళవతల నోళ్ళు ఊరేవి. హజ్ యాత్రకి వెళ్ళొచ్చిన ఆవిడ తల్లి తెచ్చిన ఇత్తడి గిన్నె ఒకటి ఆ ఇంట్లో ఉంది. లోపలంతా ఖురాన్ మాటలు చెక్కి, అంచు చుట్టూ సన్నని రేకు నాలుకలు వేలాడుతుంటాయి. జడుసుకున్న పిల్లలకి ఆ గిన్నెలో నీళ్ళు పోసి, ఖర్జూరాలు వేసి తాగిస్తే ఒంట్లో దూరిన జడుపు దిగిపోతుందని నమ్మకం. వీధి వీధంతా అరువు తీసుకెళ్ళేది. కుక్క తరిమిన పిల్లాడికీ ఆ గిన్నే, కారు తగలబోయి తప్పిన ముసలాయనకీ ఆ గిన్నే.

ఇప్పుడా గిన్నె బల్ల మీద ఉంది. ఇన్సాఫ్ అందులో నీళ్ళు పోస్తోంది.

"ఇంత తొందరగా వచ్చేశావేంటే? డాక్టరమ్మ చెయ్యి చూసి పంపేసిందా?"

"ఎవరికి అత్తా, జడుపు గిన్నె? ఎవరు జడుసుకున్నారు?"

"ఎవరూ జడుసుకోలేదులే. ముందు పెడితే నీళ్ళలోకి ఖర్జూరం తీపి దిగుతుందని."

నగ్లా పొట్లం బల్ల మీద పెట్టింది. గది అంతా చూసింది. మంచం మీద లేదు. లోపలి గదిలో చప్పుడు లేదు. రుఖయ్యా ఉన్నచోట చప్పుడు లేకపోవడమా?

"పిల్లేదీ?"

"కిందుంది."

"వాళ్ళ నాన్న దగ్గరా? నేను చూళ్ళేదే."

"ఎలకల గదిలో వేశాను." ఇన్సాఫ్ ఖర్జూరం గింజ తీస్తూ, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత తేలిగ్గా చెప్పింది. "పొరుగింటి పిల్లి తోక తలుపు సందులో పెట్టి నొక్కింది. చెప్తే వింటుందా? ఇప్పుడే వేశాలే, కాసేపట్లో తీస్తా. తీసి, ఈ నీళ్ళు తాగించేస్తా. నువ్వు కంగారుపడకు."

ఎలకల గది అంటే ఆ దేశంలో అన్నం తిననని మొరాయించే ప్రతి పిల్లా విన్న మాటే. బళ్ళో పంతులమ్మలూ అంటారు, ఇంట్లో తల్లులూ అంటారు. అంటారు, అంతే. ఉత్త మాట. మనింట్లో బూచాడొస్తాడన్నట్టు. నగ్లా కూడా అనేది, వాళ్ళమ్మా అనేది. ఏ ఇంట్లోనూ అలాంటి గది ఉండదు.

ఈ ఇంట్లో ఉంది. మెట్ల కింద, జిగురు డబ్బాలూ వార్నిషు డబ్బాలూ పెట్టే గది. కిటికీ లేదు. గడియ బయట వైపు.

నగ్లా మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. గడియ లాగింది. తలుపు తెరుచుకోగానే వార్నిషు ఘాటు మొహాన కొట్టింది. చీకట్లో, బోర్లించిన డబ్బా మీద, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రుఖయ్యా కూర్చుని ఉంది. ఏడవడం లేదు. వేలికి అంటిన ఎండు జిగురుని పొరలు పొరలుగా ఒలుచుకుంటోంది. వెలుతురు పడగానే కళ్ళు చికిలించింది.

"అయిపోయిందా?" అంది. తల్లిని చూసి ఆశ్చర్యపోలేదు. "ఇవాళ తొందరగా అయిపోయింది."

నగ్లా మోకాళ్ళ మీద పడి పిల్లని గుండెకి హత్తుకుంది. అరచెయ్యి పిల్ల ఛాతీ మీద పెట్టింది. తన గుండె పడవ ఇంజనులా కొట్టుకుంటోంది. అరచేతి కింద ఆ చిన్న గుండె, పాలు తాగి పడుకున్న పసిదాని గుండెలా, నిదానంగా, ఒకే తూగులో, ఏమీ జరగనట్టే కొట్టుకుంటోంది. కొంచెం వేగంగా కొట్టుకున్నా బావుండేది. ఒక్క రవ్వ.

"వదులమ్మా, చెమట" అని పిల్ల విడిపించుకుని మెట్లెక్కింది. నగ్లా వెనకాలే వెళ్ళేసరికి, రుఖయ్యా స్టూలు బల్ల దగ్గరికి లాక్కుని, ఎవరూ చెప్పకుండానే ఎక్కి, జడుపు గిన్నె రెండు చేతులతో ఎత్తి గటగటా తాగుతోంది. పొద్దున్నే పాలు తాగినట్టు. తాగి, మూతి మోచేత్తో తుడుచుకుని, ఖర్జూరం నోట్లో వేసుకుంది.

"చూశావా?" అంది ఇన్సాఫ్ మురిపెంగా. "నా బంగారం. తనంతట తనే తాగేస్తుంది."

*

ఇన్సాఫ్ దుర్మార్గురాలైతే నగ్లాకి ఎంతో తేలికయ్యేది. దుర్మార్గుల్ని తిట్టి, తలుపు ధడాలున వేసి పోవచ్చు. ప్రేమగా చేసినదాన్ని ఏం చెయ్యాలి?

"ఎన్నాళ్ళుగా?" అంది నగ్లా.

"ఏంటి ఎన్నాళ్ళుగా?"

"ఆ గదిలో వెయ్యడం."

"నువ్వు ఫ్యాక్టరీకి వెళ్ళడం మొదలెట్టినప్పట్నుంచీ. మరేం చెయ్యమంటావు? నాకా మోకాళ్ళు లేవు, అదా చేతికి చిక్కదు. ఒక చెంబు కిందపడేస్తే ఒకసారి. అన్నం తినకపోతే ఒకసారి. తలుపేసి, తోలూడిన కాలి బూచాడొస్తున్నాడే, కాలీడ్చుకుంటూ మెట్లు దిగుతున్నాడే, అని బయటనుంచి గోడ మీద ఇలా గీరేదాన్ని." ఇన్సాఫ్ బల్ల మీద గోళ్ళతో గీరి చూపించింది. "దెబ్బకి దారికొచ్చేది."

"అత్తా!"

"అరవకే. నేనేమైనా కొట్టానా? వాత పెట్టానా? ప్రతిసారీ గిన్నె తాగించాను, తెలుసా? ఒక్కసారి, ఒక్క నాడు మర్చిపోలేదు. వేసిన జడుపు వేసినట్టే దించేశాను. జడుపు ఒంట్లో ఉంటే కదా పిల్లకి చెరుపు! ఇల్లు మురికైతే కడిగేస్తాం, కడిగాక ఇంకా మురికి ఎక్కడుంటుంది?"

అదీ సంగతి. గిన్నె చేతిలో ఉంది కదా అని భయపెట్టడానికి భయం లేకుండా పోయింది ఈవిడకి. తుడిచే గుడ్డ భుజం మీదుందని రోజూ నేల మీద నూనె ఒలకబోసినట్టు. గిన్నె లేని ఇళ్ళలో నానమ్మలు ఉత్తమాటతో బెదిరించి ఊరుకున్నారు. గిన్నె ఉన్న ఈ ఇంట్లో మాత్రం గడియ పడింది.

"దిగలేదత్తా" అంది నగ్లా. "ఏదీ దిగలేదు. డాక్టరమ్మ పట్టీ కట్టి చూసింది. బుడగ పగిలితే దాని గుండె ఉలిక్కిపడటం లేదు."

ఇన్సాఫ్ మొహం విప్పారింది. "అల్‌హమ్‌దులిల్లా! చెప్పానా? పుట్టిన ఏడోనాడు దీన్ని జల్లెడలో వేసి ఊపి, చెవి పక్కన ఇత్తడి రోలు మోగించింది ఎవరనుకున్నావు? నేనే! పిల్ల దేనికీ ఉలిక్కిపడకూడదనే కదే ఆ రోలు మోగించేది. చూడు, పట్టీ కట్టి మరీ చెప్పింది డాక్టరమ్మ. నా మనవరాలు సింహం!"

"సింహం కాదత్తా! చచ్చిపోయింది లోపల. భయం చచ్చిపోయింది. భయం చచ్చిపోతే పక్కదాని చెవి కొరికితే నెత్తురొస్తుందని కూడా ఒంటికి తెలీదు. మనం అరిస్తే దానికి ఏమీ అనిపించదు. కొడితే ఏమీ అనిపించదు. అందుకే ఇంకా పెద్ద చప్పుడు కోసం వెతుక్కుంటోంది. పిల్లి తోక నొక్కితే పిల్లి అరుస్తుంది కదా, అది వింటోంది. మనం రాయి రాయి అన్నాం. రాయిని చేసింది మనమే."

"మనమే? నువ్వే అనవే, నోరు తిరగదా?" ఇన్సాఫ్ కుర్చీలో కూలబడింది. "చేపల ఊరి పిల్లవి, మీ ఇళ్ళకి తలుపులుంటాయా పిల్లల్ని గదిలో వెయ్యడానికి? పడవలో పుట్టి పడవలో పెరుగుతారు. నేను నీ మొగుణ్ణి ఆ గదిలో వేసే పెంచాను. మనిషి కాలేదూ?"

"అయ్యాడు. కూరలో ఉప్పు తగ్గితే పళ్ళెం గోడకేసి కొట్టే మనిషి అయ్యాడు."

వాకిట్లో అడుగుల చప్పుడైంది. సాబిర్. జుట్టు నిండా చెక్కపొట్టు, చేతిలో ఉలి. అరుపులు కింద దాకా వినపడి పైకొచ్చాడు. పళ్ళెం మాట చెవిన పడిందని మొహం చెప్తూనే ఉంది.

"ఏంటీ గోల? పక్క కొట్టువాళ్ళు చేతులాపి వింటున్నారు. మా ఇంటి బాగోతం టికెట్ లేకుండా ఆడుతున్నారా మీరు?"

"నువ్వు చెప్పు సాబిర్" అంది నగ్లా. "నీ బల్లకీ ఆ గదికీ మధ్యన ఒక్క గోడ. నీకు వినపడలేదా?"

సాబిర్ ఉలి బల్ల మీద పెట్టాడు. పెట్టి, మళ్ళీ తీశాడు.

"నిన్నే అడుగుతున్నా."

"వినపడేది" అన్నాడు. "మొదట్లో. తలుపు గుద్దేది. నన్ను పిలిచేది. నాన్నా, నాన్నా అని." అతను తల్లి వైపు చూడలేదు, పెళ్ళాం వైపూ చూడలేదు. "నేను రంపం మోటారు వేసుకునేవాణ్ణి."

రుఖయ్యా మిషబ్బక్ పొట్లం విప్పి పాకం నాకుతోంది.

"తర్వాత పిలవడం మానేసింది. పోయినేడు చలికాలంలో. గుద్దడం కూడా మానేసింది. హమ్మయ్య, అలవాటైపోయింది అనుకున్నా. నాకూ అలాగే అలవాటైంది. ఏం, చచ్చిపోయానా నేను?"

పోయినేడు చలికాలం. పిల్ల మొదటిసారి కొరికింది అప్పుడే. అత్త చెల్లెలి మనవడి చెయ్యి కొరికితే అందరూ నవ్వారు, పళ్ళు గట్టివమ్మా అని. పిలిచి పిలిచి, ఎవరూ రారని తెలిశాక, ఆ ఒళ్ళు పిలవడం మానుకుంది. పిలుపుతో పాటు వణకడం మానుకుంది. ఆ చలికాలంలో ఒక సాయంత్రం తను ఫ్యాక్టరీ నుంచి వచ్చి, పిల్ల బుద్ధిగా కూర్చుందని ఎంత సంతోషపడిందో నగ్లాకి జ్ఞాపకం వచ్చింది. ముద్దు కూడా పెట్టుకుంది. తన బిడ్డ లోపల దీపం ఆరిపోయిన రోజున తను మిఠాయి పంచినంత పని చేసింది.

సాబిర్ మీద కేకలెయ్యాలనుకుంది. మొహం చూస్తే కేక రాలేదు. అక్కడ ఉలి పట్టుకుని నిలబడ్డది నలభై ఏళ్ళ మగాడు కాదు, అదే డబ్బా మీద కూర్చుని జిగురు ఒలుచుకుంటున్న ఇంకొక పిల్లాడు. వాణ్ణి తియ్యడానికి ఎవరూ రాలేదు. వాడు ఇంకొకళ్ళని తియ్యడానికి ఎలా వస్తాడు? ఈ ఇంట్లో ఎవరిని అసహ్యించుకోవాలో కూడా ఆమెకి దిక్కుతోచలేదు.

"నేను పిల్లని తీసుకుని మా అన్న ఇంటికి వెళ్తున్నా" అంది. "గొడవకి కాదు. డాక్టరమ్మ భయం పూర్తిగా ఆగాలంది. ఇక్కడ ఆగదు. వారం వారం మన్సూరా తీసుకెళ్ళాలి. పిల్ల కుదుటపడ్డాక చూద్దాం."

"ఫ్యాక్టరీ?" అన్నాడు సాబిర్.

"మానేస్తా."

"ఏం తింటారు? సముద్రపు గాలా?"

"మా ఊళ్ళో చుట్టానికి అన్నం పెడతారులే. తిని పడుకుంటావా, తినకుండా తేలిగ్గా పడుకుంటావా అని అడిగే ఊరు కాదు మాది."

మామూలు రోజైతే ఈ మాటకి ఇన్సాఫ్ పడీపడీ నవ్వి, దుమ్యాత్ పిసినారితనం మీద ఇంకో రెండు తనే చెప్పేది. ఇవాళ ఆవిడ కొంగుతో మొహం కప్పుకుని ఏడవడం మొదలుపెట్టింది. దొంగ ఏడుపు కాదు. భుజాలు కదిలిపోతున్నాయి.

"నా చేతుల్లోంచి లాక్కుపోతోందిరా. పిల్లకి నేను విషం పెట్టినట్టు. నా తల్లి గిన్నె! మా అమ్మ కాలినడకన మోసుకొచ్చిన గిన్నె! ఎంతమంది పిల్లల్ని బతికించిందిరా అది. వీధిలో నా మొహం ఎలా చూపించను? హగ్గా ఇన్సాఫ్ మనవరాలిని చెడగొట్టిందిట అంటారు. నన్ను చంపేసి వెళ్ళమనరా!"

నగ్లా లోపలికెళ్ళి చేతికందినవి మూట కట్టింది. పిల్ల గౌన్లు, తన నల్ల అబాయా, డాక్టరమ్మ ఇచ్చిన దూది సీసాలు. మూట చంకన పెట్టుకుని, రుఖయ్యా పాకం చెయ్యి పట్టుకుని వాకిలి దాకా వచ్చింది. ఎదురింటి కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. మెట్ల కింద ఎవరో దగ్గారు.

"నగ్లా, ఆగు."

ఆగలేదు.

"ఆగమన్నానా! మా అమ్మ ఏడుస్తోంది, నీకు కనపడటం లేదా?"

"కనపడుతోంది సాబిర్. ఈ పిల్ల ఏడవడం లేదు, అది నీకు కనపడటం లేదు."

సాబిర్ మొహం తెల్లగా అయిపోయింది. అతను కొట్టే మనిషి కాదు. అతని కోపం నోట్లో ఉంటుంది, గోడల మీదుంటుంది. చేతిలో ఉలి బల్లలోకి దిగబడింది. గిన్నె ఎగిరి కిందపడి, రేకు నాలుకలన్నీ ఒక్కసారిగా మోగాయి.

"నా మీద తలాఖ్ ఒట్టు!" అని అరిచాడు. "ఈ పిల్ల కాలు ఈ గడప దాటిందా, నువ్వు నాకు పెళ్ళానివి కాదు!"

ఆ ఊళ్ళో మగాళ్ళు ఈ ఒట్టు పుల్లకూర తిన్నంత తేలిగ్గా వేస్తారు. చేప బేరం కుదరకపోయినా వేస్తారు, చుట్టం టీ తాగనన్నా వేస్తారు. ఎక్కువమందివి గాలికి పోతాయి. సాబిర్‌వి పోలేదు. నగ్లా అన్న పెళ్ళికి వెళ్ళొద్దని ఒకసారి వేశాడు, ఆమె వెళ్ళింది. ఫ్యాక్టరీలో చేరొద్దని ఒకసారి వేశాడు, నగ్లా చేరింది. రెండుసార్లూ షేఖ్‌గారు గడ్డం నిమురుకుంటూ, మనసులో అనుకునే అన్నావా నాయనా అని అడిగాడు. సాబిర్ అబద్ధం చెప్పలేక అవునన్నాడు. రెండూ తలాఖులే అయ్యాయి. రెండుసార్లూ గడువు లోపల కళ్ళనీళ్ళతో వచ్చి వెనక్కి పిలుచుకున్నాడు. మూడోదానికి పిలుచుకోవడం ఉండదు. మతం ఒప్పుకోదు.

అది సాబిర్‌కీ తెలుసు. నోట్లోంచి మాట జారగానే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు, జారినదాన్ని వెనక్కి తోసేవాడిలా. ఇన్సాఫ్ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. "అయ్యో నా కడుపు కాలా, ఎంత మాటన్నావురా" అంది గొణుగుతూ. ఎదురింటి కిటికీ రెక్క పూర్తిగా తెరుచుకుంది.

నగ్లా గడప ముందు నిలబడిపోయింది. ఒక అడుగు. అవతల అన్న ఇల్లు, రెండు గదులు, వదిన మూతివిరుపులు, చేతిలో పని లేదు, మొగుడు లేడు. ఇవతల మెట్ల కింద గడియ. తల్లి అన్నది ఏమాత్రం ఆలోచించకుండా దూకాలి అంటారు. అనేవాళ్ళకేం, అంటారు. ఆమె కాళ్ళు దూకలేదు. రెండుసార్లు విడిపోయి రెండుసార్లు కలిసిన మనిషి, పదకొండేళ్ళ కాపురం, వెనకాల నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. సాబిర్ వణుకుతున్నాడు, ఇన్సాఫ్ వణుకుతోంది, తను వణుకుతోంది. పిల్ల చెయ్యి పట్టుకున్న పిడికిలి, ఆమెకి తెలియకుండానే, వదులైంది.

ఆ ఇంట్లో ఉలిక్కిపడనిది ఒక్కతే. ఉలి దిగినప్పుడు చూడలేదు. గిన్నె మోగినప్పుడు తల తిప్పలేదు. తలాఖ్ అన్న మాటకి పెద్దవాళ్ళ నెత్తురు గడ్డకట్టిన ఆ క్షణంలో, రుఖయ్యా వేళ్ళకంటిన పాకం నాక్కుని, వదులైన పిడికిట్లోంచి చెయ్యి తీసుకుని, నెమ్మదిగా నడిచి గడప దాటేసింది.

మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. రెండు కాళ్ళూ అవతలే ఉన్నాయి. లోపల ముగ్గురు పెద్దవాళ్ళు తన కాళ్ళ వైపే ఎందుకు చూస్తున్నారో దానికి అర్థం కాలేదు. అది కూడా వంగి తన కాళ్ళు చూసుకుంది.

"అమ్మా, చెప్పులు మర్చిపోయా" అంది. "నాన్న దగ్గరున్నాయి చూడు. తెచ్చిపెట్టవా?"

చిన్న ప్లాస్టిక్ చెప్పులు సాబిర్ పాదాల పక్కనే పడున్నాయి. అతను వాటి వైపు చూశాడు. నగ్లా వైపు చూశాడు. ఒక్క మాట కోసం, అది ఏ మాటో తెలియక, పెదవులు కదిలిస్తున్నాడు.

నగ్లా చంకలో మూట కింద పెట్టలేదు. చెప్పుల కోసం అతని వైపు ఒక అడుగు వేసింది.